వింత అలవాటు వెనక మనిషి

ప్రశ్న: మూతపడే స్థితిలో ఉన్న ఒక చిన్న ఊరి కంపెనీ మీద హాస్య నాటిక రాస్తున్నాను. అయిదుగురు ఉద్యోగులు, ఒక్కొక్కరికి ఒక్కో వింత అలవాటు. చదివి వినిపిస్తే మొదటి రంగానికి అందరూ నవ్వారు. మూడో రంగానికి గడియారం చూసుకున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు పంపిన మూడు రంగాలూ చదివాను. మాట్లాడబోయే ముందు మూడుసార్లు దగ్గే అకౌంటెంటు మొదటి రంగంలో చాలా బాగున్నాడు. మూడో రంగంలోనూ మూడుసార్లే దగ్గుతున్నాడు. ఈలోగా పెద్ద ఆర్డరు చేజారింది, రెండు నెలల జీతాలు ఆగిపోయాయి. ఆ సంగతి ఆయన దగ్గుకు తెలిసినట్టే లేదు. విసుగు పుట్టింది అక్కడే.

ప్రాణమున్న మనిషి యంత్రంలా ప్రవర్తిస్తే నవ్వు వస్తుందని ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లోనే వివరించాడు. ఆ మాట మొదటి రంగం వరకు మీకు పనికొచ్చింది. ఆ తర్వాత యంత్రం లోపలి మనిషి కనపడాలి.

నేను ఉద్యోగం చేసిన ఒక చిన్న కంపెనీలో స్టోర్ కీపర్ ఒకాయన ఉండేవారు. కొత్త రీఫిల్ కావాలంటే పాతది అప్పగించాలి. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసేవారు. అడుగున నీలం చుక్క కనిపిస్తే "ఇంకా రెండు ఉత్తరాలు వస్తాయండీ" అంటూ తిరిగి ఇచ్చేసేవారు. చాటుగా ఆయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం. జీతాలు ఆలస్యమవుతున్న రోజుల్లో ఒకసారి ఖాళీ రీఫిల్ తీసుకెళ్లాను. ఆయన దానివైపు చూడనే లేదు. పెట్టెలో మిగిలినవన్నీ తీసి నా చేతిలో పెట్టారు. అంతకుముందు ఆయన పనిచేసిన చోటు కూడా మూతపడిందని తర్వాత తెలిసింది. ఆ కిటికీ దగ్గరి నిలబాటు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే గొంతు పట్టేస్తుంది. మీ నాటికకు కావలసింది అలాంటి మనిషి.

2001లో బీబీసీలో మొదలైన 'ది ఆఫీస్' అనే హాస్య టీవీ సీరియల్ కథ కూడా ఒక కాగితం కంపెనీ శాఖలో నడుస్తుంది. ఈ శాఖో, స్విండన్ అనే ఊళ్లో ఉన్న మరో శాఖో, ఏదో ఒకటి మూతపడుతుందన్న కబురు మొదట్లోనే వస్తుంది. ఇక ఆ మేనేజరు జోకు వేసినప్పుడల్లా వినేవాళ్ల ముఖాల్లో ఉద్యోగ భయం కనిపిస్తుంది. మీరు మాత్రం జీతాలు ఆగిన సంగతిని ఒక్క డైలాగులో చెప్పి వదిలేశారు. దాన్ని మొదటి రంగంలోకి తెండి.

అయిదుగురిలో పాటలు పాడే టైపిస్టును తీసేయండి. ఆమెకు పాట తప్ప వేరే జీవితం లేదు. మిగతా నలుగురిలో ఒక్కొక్కరూ కంపెనీ పోతే ఏం పోగొట్టుకుంటారో రాసుకోండి. అకౌంటెంటు చిట్టా మూసి యజమాని గదిలోకి వెళ్లేటప్పుడు దగ్గకుండా వెళ్లనివ్వండి. చూస్తున్నవాళ్లు ఆ దగ్గు కోసం ఎదురుచూస్తారు. ఆ రంగం తిరగరాశాక మళ్లీ పంపండి, తప్పకుండా చదువుతాను.