గేటు చప్పుడైతే గుండె దడ

ప్రశ్న: మాది తిరుపతి, లీలామహల్ సర్కిల్ దగ్గర. నాకు 31 ఏళ్లు. మూడేళ్ల కిందట రేణిగుంట రోడ్డులో బైకు తగిలి కుంటుతున్న నల్ల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి దానికి నాలుగైదు నెలలు ఉంటాయేమో. కర్రిగాడు అని పిలుస్తాం. ఇంట్లో మాతో బంగారం. బయటివాళ్లు కనబడితే మాత్రం గొంతు పోయేదాకా మొరుగుతాడు. బస్సు హారన్ వింటే గొలుసు తెంపుకుని పరిగెత్తబోతాడు. హెల్మెట్ పెట్టుకున్న మనిషంటే ఇంకా మంట. పోయిన వారం పార్సిల్ తెచ్చిన అబ్బాయి ప్యాంటు పట్టుకున్నాడు. పన్ను దిగలేదు గానీ ప్యాంటు చిరిగింది. ఆ రాత్రి మా ఆయన "దీన్ని అలిపిరి దగ్గర వదిలేసి వస్తా, లేదంటే నేనే పోతా" అన్నారు. మొరిగినప్పుడల్లా పేపరు చుట్టి కొడతారు. మా అత్త "మనుషులకు లేని భోగం దీనికా" అంటుంది. ఇంట్లోకి నీచు కూడా రానివ్వదు. ఇప్పుడు గేటు చప్పుడైతే కర్రిగాడి కంటే ముందు నాకే గుండె దడ. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు అలిపిరి సంగతి తేల్చేద్దాం. మూడేళ్లు గిన్నెలో తిన్న కుక్కను కొండ కింద వదిలితే అక్కడి కుక్కల గుంపు దాన్ని బతకనివ్వదు. చిరుతలు తిరిగే చోటు కూడా. పైగా తిండీ నీళ్లూ లేక అల్లాడేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. మీ ఆయన అది కోపంలో అన్నారనే అనుకుంటున్నాను. ఆ కోపం వెనక ఉన్న భయం మాత్రం ఉత్తిది కాదు. ఈసారి ప్యాంటు చిరిగింది, వచ్చేసారి పిక్క చిరిగితే? ఆ అబ్బాయి రోజు తిరిగితేనే డబ్బులు చూసే మనిషి. ఆ మాట మీ ఆయన అంటే "మీకు కుక్కంటే పడదు" అని కొట్టిపారేయకండి. ప్యాంటు డబ్బులు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే రేపే ఇచ్చేయండి.

ఇక కర్రిగాడు. చిన్నప్పుడు చిత్తూరులో మా ఇంటి గేటు పక్కన ఒక కుక్కను రాత్రింబవళ్లు గొలుసుకు కట్టేసి ఉంచేవాళ్లం. దారిన పోయే ప్రతి సైకిలు మీదికీ ఎగిరేది. మంచి కాపలా కుక్క అని మా నాయన వీధంతా చెప్పుకునేవాడు. అది వణుకుతూ మొరిగేదని, తోక ఎప్పుడూ కాళ్ల సందునే ఉండేదని నాకు చాలా ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది. మీ కర్రిగాడిదీ అదే కథ. కుక్కపిల్ల మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపల ఏం చూసి అలవాటు పడితే అది జన్మంతా మామూలుగా అనిపిస్తుంది. వీడు ఆ వయసులో చూసింది రోడ్డు, ఆ తర్వాత తిన్నది బైకు దెబ్బ. హెల్మెట్ కనబడితే మొహం కనబడదు, మొహం లేని మనిషి బైకు దిగి గేటు తోసుకుని వస్తున్నాడు. వాడు మొరిగాడు, మనిషి పార్సిల్ ఇచ్చి వెళ్లిపోయాడు. వాడి లెక్కలో మొరగడం పని చేసింది. రోజుకు రెండు పార్సిళ్లు వచ్చినా ఆ పాఠం రోజుకు రెండుసార్లు గట్టిపడుతుంది.

పేపరు దెబ్బ ఇక్కడే ఎదురు తిరుగుతుంది. హెల్మెట్ కనబడగానే వీపు మీద దెబ్బ పడితే, హెల్మెట్ వస్తే నొప్పి అని వాడికి రూఢి అవుతుంది. ఇంకోటి ఉంది. గుర్రుమన్నప్పుడల్లా కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మానదు. తర్వాత ఒకరోజు హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తుంది. మీ ఆయనకు ఈ ఒక్క మాట చెప్పండి చాలు. దయ గురించి చెబితే వినరేమో, కాటు గురించి చెబితే వింటారు.

రేపో ఎల్లుండో డాక్టరుకు చూపించండి. మీ ఊళ్లోనే పశువైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. కుంటు పోయినంత మాత్రాన నొప్పి పోయినట్టు కాదు. పాత దెబ్బ కీలులో సలుపుతుంటే, చెవిలో చీముంటే, పిడుదుల జ్వరం లోపల ఉంటే ఎంత సాధువైన కుక్కకైనా చిరాకే. రేబిస్ టీకా ఏటా వేయించి ఆ కార్డు ఇంట్లో పెట్టుకోండి. ఎవరికైనా పన్ను గీసుకుంటే సబ్బుతో పదిహేను నిమిషాలు ధార కింద కడిగి, కుక్కకు టీకా వేయించామని ఊరుకోకుండా ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. భయం మరీ ముదిరిన కుక్కలకు డాక్టర్లు మాత్రలు కూడా రాస్తారు. మత్తుమందు అని జంకకండి. మనుషుల మాత్రలు సగం విరిచి వేయడం మాత్రం వద్దు.

అసలు మందు దూరం. ఇది ఓపిగ్గా వినండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మీకు మిద్దె ఉందనే అనుకుంటున్నాను. మొదటి వారం రోడ్డు మీదికే పోవద్దు. తెల్లారి ఐదున్నరకు, కొండకు పోయే బస్సులు మొదలై వీధిలో జనం ఇంకా పలచగా ఉన్నప్పుడు, వాడిని మిద్దె మీదికి తీసుకెళ్లి పిట్టగోడకు నాలుగడుగులు ఇవతల కూర్చోండి. బస్సు చప్పుడు వినబడగానే వాడి చెవులు అటు తిరుగుతాయి. అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు మూసుకుంటుంది. ఆ క్షణంలో వాడికి ఇష్టమైన తిండి ముక్క ఒకటి నోట్లో పెట్టండి. బస్సు పోయేదాకా ముక్క తర్వాత ముక్క ఇస్తూ ఉండండి. చప్పుడు ఆగిందా, మీ చెయ్యీ ఆగాలి. బస్సు ముందు, ముక్క తర్వాత. తారుమారు చేశారో, ముక్క కనబడితే బస్సు వస్తుందని వాడు ముక్కనే అనుమానిస్తాడు. వారం పది రోజులకు బస్సు చప్పుడు కాగానే వాడు వీధి వైపు చూసి చటుక్కున మీ మొహం వైపు తిరుగుతాడు, ఏదీ నా ముక్క అని. ఆ చూపు కోసమే ఇదంతా. అది వచ్చాకే మెట్లు దిగండి. గేటు లోపలి నుంచి కొన్నాళ్లు, తర్వాత సందు చివర నుంచి.

ముక్క తినలేదంటే, లాక్కుని గబుక్కున మింగాడంటే, దగ్గరికి వచ్చేశారని అర్థం. వెనక్కి నడవండి. పదే పదే ఆవలించడం, ఏమీ తినకుండానే మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూడటం, రాయిలా బిగుసుకుపోవడం, ఇవన్నీ మొరగడానికి ముందు వాడు చెప్పే మాటలు. భయపడుతుంటే తిండి పెడితే భయం అలవాటవుతుందని ఎవరైనా అంటారు. అవదు. భయం మనం మెచ్చుకుంటే పెరిగే పని కాదు.

ఇంట్లోకి నీచు రాదన్నారు, దాని కోసం మీ అత్తతో ఇంకో గొడవ అక్కర్లేదు. ఉడికించిన గెనుసుగడ్డ, పనీరు ముక్కలు, ఉప్పు లేకుండా వేయించి పొట్టు తీసిన చెనక్కాయలు నాలుగైదు. ముక్క గోరంత ఉంటే చాలు. అవి ఈ పనికి తప్ప వేరే వేళ పెట్టకండి, అప్పుడే వాటికి విలువ.

మెడకు గొలుసు తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్, ఆరడుగుల తాడు కొనండి. ఎదురుగా మనిషి కనబడగానే మీ చెయ్యి తాడును బిగిస్తుంది చూడండి, ఆ బిగువు వాడికి క్షణంలో తెలిసిపోతుంది. మీకు దడగా ఉన్న రోజు వాకింగ్ మానేయండి, కొంపలు మునగవు. వాకిట్లో గోనెసంచి పరిచి దాని మడతల్లో చెనక్కాయలు దాచండి, అరగంట ముక్కుతో వెతుక్కుంటాడు. ఒకసారి గట్టిగా బెదిరిన కుక్క పూర్తిగా కుదుటపడటానికి ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో కొత్త పాఠం వద్దు. గంగజాతర వారం డప్పులకు, దీపావళికి, బ్రహ్మోత్సవాల రద్దీకి వాడిని లోపలి గదిలో ఫ్యాను వేసి ఉంచండి.

పార్సిల్ వ్యవహారం ఇవాళ్టి నుంచే మారాలి. గేటుకు లోపలి నుంచి గడియ పెట్టండి. ఫోను మోగగానే కర్రిగాడు గదిలోకి, నేల మీద గుప్పెడు తిండి చల్లి తలుపు వేయాలి, ఆ తర్వాతే గేటు దగ్గరికి. తీరిగ్గా ఉన్న రోజుల్లో మూతికి బుట్టలాంటి మజిల్ అలవాటు చేయండి. అందులో నాలుక బయటపెట్టి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. గుడ్డతో మూతి కట్టడం మన ఎండల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

మీ ఆయనకు ఒక పని అప్పగించండి. ఇంట్లో ఆయన హెల్మెట్ ఉంటుంది కదా. దాన్ని వరండా మధ్యలో నేల మీద పెట్టి, చుట్టూ గెనుసుగడ్డ ముక్కలు వేసి, ఆయన దూరంగా కూర్చుని పేపరు చదువుకోవాలి, అంతే. పిలవకూడదు, చూడకూడదు. కర్రిగాడు వచ్చి తిని పోతాడు. నాలుగు రోజులకు హెల్మెట్ ఆయన ఒళ్లోకి, ఇంకో వారానికి తల మీదికి. అదే పేపరు అదే చేతిలో ఉంటుంది, మీదికి మాత్రం రాదు. "మీరు చేస్తేనే అవుతుంది, వాడికి మీరంటేనే బెదురు" అని అడగండి. అబద్ధమేం కాదు కదా. గడువు కూడా మీరే పెట్టండి: "మూడు నెలలు చూద్దాం, ఆలోపు ఒక్కసారి కూడా గేటు దగ్గరికి వాడిని వదలను." ఆ మాట తప్పకండి. గడువులోపు ఎంతో కొంత తేడా కచ్చితంగా కనబడాలి. అయినా ఇంట్లో ఇమడలేకపోతే, వాడి చరిత్రంతా దాచకుండా చెప్పి, రద్దీ లేని చోట ఓపికున్న మనిషికి అప్పగించడం పాపం కాదు. అది ఆఖరి మాట, ఇప్పుడే ఇంట్లో అనకండి.

మీ అత్త మాటకు జవాబు చెప్పకండి. మీరు మిద్దె మీద గంటసేపు కుక్కతో కూర్చుంటే ఆమె కాఫీ చల్లారిపోతుందేమో, అది చూసుకోండి.

రాయడం మరిచాను. తిరుపతిలో ఎవరింట చూసినా లడ్డూ ఉంటుంది, ప్రసాదమే కదా అని కుక్కకూ ఒక ముక్క వేస్తారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మీ అత్తకు ఈ ఒక్కటి మాత్రం చెప్పాల్సిందే.