377 పోయాక నిజంగా ఏం మారింది?

"కోర్టు తీర్పు ఇచ్చినంత మాత్రాన జనం మారతారా? 377 కొట్టేస్తే గేలకు ఒరిగిందేమిటి?" అని ఒకరు అడిగారు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షనే ఈ 377. నేను గేని. నాకు ఏం ఒరిగిందో చెబుతాను.

2014లో ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకతన్ని కలవడానికి వెళ్లాను. అతను నా ఫోన్ లాక్కుని, డబ్బివ్వకపోతే 377 కేసు పెట్టిస్తానన్నాడు. పదేళ్లు, కావాలంటే యావజ్జీవం కూడా వేస్తారన్నాడు. సెక్షన్‌లో ఉన్నది అదే. అది నేరం కాదంటూ ఢిల్లీ హైకోర్టు 2009లో ఇచ్చిన ఊరటను సుప్రీంకోర్టు 2013 డిసెంబర్ 11న తీసేసింది కదా, అప్పటికి కొన్ని నెలలే అయింది. డబ్బు గుంజింది అతను, పోలీసులంటే వణికింది నేను. రెండు నెలల జీతం ఇచ్చి బయటపడ్డాను. చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

"ఆ సెక్షన్ కింద శిక్ష పడినవాళ్లు ఎందరు?" అని కొందరు వాదిస్తుంటారు. నా కేసు ఏ లెక్కలోనూ ఉండదు.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిలూ ఒకే మాట చెప్పారు: ఇష్టపడి కలిసే, వయసొచ్చినవాళ్ల మధ్య అది నేరం కాదని. చరిత్ర మాకూ మా కుటుంబాలకూ క్షమాపణ చెప్పాలని జస్టిస్ ఇందూ మల్హోత్రా రాసింది చదివి ఆఫీసు బాత్రూమ్‌లో ఏడ్చాను. మరుసటి ఏడాది నా స్నేహితుడికి అచ్చం నాలాంటి బెదిరింపే వచ్చింది. ఇద్దరం స్టేషన్‌కి వెళ్లాం. ఎస్సై మొహం చిట్లించాడు, అయినా ఫిర్యాదు రాసుకున్నాడు. అంతే, ఆ మనిషి మళ్లీ ఫోన్ చేయలేదు.

"ఇది మన సంస్కృతి కాదు" అని నాన్న అంటారు. ఆ సెక్షన్ మనది కాదు నాన్నా, 1860లో ఇంగ్లీషు ప్రభుత్వం రాసింది అంటాను. ఇంగ్లండ్ తన దేశంలో అలాంటి చట్టాన్ని 1967లోనే సడలించుకుంది. సింగపూర్ 2022లో తీసేసింది. కరీబియన్ దేశం ట్రినిడాడ్‌లో 2018లో హైకోర్టు కొట్టేస్తే, 2025లో అప్పీల్ కోర్టు మళ్లీ నేరమే అంది. ఆ వార్త చదివిన రోజు నాకు 2013 గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

పెళ్లి హక్కు ఇంకా లేదు, 2023లో సుప్రీంకోర్టు కాదంది. అది వేరే పోరాటం.

ఇది చదివేవాళ్లలో ఎవరినైనా ఇప్పుడు అలా బెదిరిస్తుంటే డబ్బివ్వకండి, మెసేజ్‌లు డిలీట్ చేయకండి. బెదిరించి డబ్బు గుంజడం ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 308 కింద నేరం. ఒంటరిగా వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే లాయర్‌నో స్నేహితుణ్నో వెంట తీసుకెళ్లండి.