దుఃఖంలో ఉన్నవాళ్లతో ఆర్ట్ థెరపిస్ట్ పని ఎలా ఉంటుంది?

మీరు అడిగింది రెండు విషయాలు: దుఃఖంలో, షాక్‌లో ఉన్నవాళ్లతో ఆర్ట్ థెరపిస్ట్‌గా పనిచేయడం ఎలా ఉంటుంది, అసలు బొమ్మలు వేస్తే బాధ తగ్గుతుందా అని. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా ఇదే నా పని, కొన్ని రోజులు ఆసుపత్రిలో, కొన్ని రోజులు బడిలో. బాధ తగ్గుతుందని నేనెవరికీ మాటివ్వను. నోరు పెగలనివాళ్ల చేతికి ఒక పని దొరుకుతుంది, అంతవరకు మాత్రం కళ్లారా చూశాను.

ఒక ఆంటీ వచ్చేవారు (గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను). 2021 సెకండ్ వేవ్‌లో భర్త పోయారు, ముఖం కూడా సరిగా చూపించకుండా కవర్‌లో చుట్టి నేరుగా శ్మశానానికి పంపేశారు, పెద్దకర్మకు నలుగురు కూడా రాలేదు. రెండేళ్లయ్యాక కూతురు బలవంతంగా తీసుకొచ్చింది. "ఈ వయసులో నాకు బొమ్మలేంటమ్మా, నాకు రావు" అన్నారు. దాదాపు అందరూ అనే మాటే. ముగ్గులు వచ్చా ఆంటీ అని అడిగితే కాస్త చిరాకుగా చూశారు, అదేం ప్రశ్న అన్నట్టు. ఏటిసూతకంలో ఇంటి ముందు ముగ్గు వేయలేదట, అది తీరాక కూడా చెయ్యి రాలేదట. నల్ల చార్ట్, సుద్దముక్క ఇచ్చాను. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా, స్కేలు పెట్టినట్టు చకచకా పెట్టేశారు. కలపలేదు. గంట అయిపోయింది, చార్ట్ జాగ్రత్తగా బీరువాలో పెట్టాను. నాలుగు వారాలు ఆ చుక్కల ముందే కూర్చున్నాం. ఐదో వారం ఒక మూల నుంచి గీత మొదలుపెట్టి, కలుపుతూనే, ఆయన చివరి ఫోన్‌లో టమాటా పప్పు తినాలని ఉందన్న సంగతి చెప్పారు. అన్ని వారాలూ నేను చేసిందల్లా "కలపండి" అనకుండా ఉండటం, అదేమంత తేలిక కాదు.

బొమ్మ చూసి మనసు చదివేస్తామని చాలామంది అనుకుంటారు. నల్లరంగు వాడితే డిప్రెషన్, చెట్టుకు తొర్ర వేస్తే ఏదో జరిగింది అంటూ వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. ఒక్కోసారి డబ్బాలో మిగిలిన క్రేయాన్ నలుపు ఒక్కటే అయ్యుంటుంది!

నా తప్పు కూడా చెప్తాను. మొదటి ఏడాది, యాక్సిడెంట్‌లో నాన్న పోయిన తొమ్మిదేళ్ల బాబు ఇల్లు, సూర్యుడు వేస్తే "భలే ఉందిరా" అనేశాను. ఇక అంతే, వచ్చినప్పుడల్లా అదే ఇల్లు, అదే సూర్యుడు, నన్ను సంతోషపెట్టడానికి. దాన్నుంచి బయటపడటానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మెచ్చుకోను, "దీని గురించి చెప్తావా" అని అడుగుతానంతే, చెప్పకపోయినా ఊరుకుంటాను. కాగితం మీద పేరు మాత్రం వాళ్ల చేతే రాయిస్తాను. ఇది ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ అనే యూదు చిత్రకారిణి గురించి చదివి నేర్చుకున్నది. నాజీలు ఆమెను 1942 డిసెంబరులో తెరెజిన్ అనే నిర్బంధ శిబిరానికి పంపారు, అక్కడ పిల్లలకు బొమ్మలు నేర్పుతూ ఎవరి బొమ్మ మీద వాళ్ల పేరు రాయించేది. 1944లో ఆమెను ఆష్విట్జ్‌లో చంపేశారు, పిల్లలు వేసిన దాదాపు 4,500 బొమ్మలు మాత్రం మిగిలాయి. బెడ్ నంబర్‌తో పిలిచే వార్డులో ఆ పేరు రాయించడం ఎంత ముఖ్యమో అక్కడ పనిచేస్తేనే అర్థమవుతుంది.

ఇంకో సంగతి, షాక్‌లో ఉన్నవాళ్లకు మొదటిరోజే నీళ్లరంగులు ఇవ్వకండి. కారిపోతాయి, చెప్పిన మాట వినవు, ఆ మనిషికి అసలే ఏదీ చేతిలో లేదనిపిస్తున్న సమయం అది. పెన్సిల్, కత్తిరించిన పాత మ్యాగజైన్ బొమ్మలు నయం. మట్టి తర్వాత, అదీ వాళ్లు అడిగితే. నిద్ర పూర్తిగా పోయినా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా బొమ్మలతో కాలక్షేపం చేయను, వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తాను. రాత్రిపూట అలాంటి పరిస్థితి వస్తే టెలీ మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచుతాను, అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ పనిలోకి రావాలనుంటే డబ్బు గురించి పెద్దగా ఆశలు పెట్టుకోకండి, మొదట్లో పార్ట్‌టైమే ఎక్కువ. కోర్సుకు ఫీజు కట్టేముందు మనుషులతో నేరుగా ఎన్ని గంటలు పనిచేయిస్తారో, మీ పని చూసి దిద్దే సూపర్‌వైజర్ ఉంటారో లేదో అడగండి. రెండు రోజుల వర్క్‌షాప్‌కి సర్టిఫికెట్ ఇచ్చి థెరపిస్ట్ అయిపోయారంటే, ఆ డబ్బుతో మంచి రంగులు కొనుక్కోండి.