తుంటి అరిగిందంటే నడక మానేయాలా?

ప్రశ్న: నా వయసు 61. ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. రెండేళ్లుగా ఎడమ గజ్జలో నొప్పి వస్తోంది. ఒక్కోసారి తొడ మీదుగా మోకాలి దాకా పాకుతుంది. పొద్దున లేవగానే పది నిమిషాలు కాలు బిగుసుకుపోయినట్టుంటుంది. ఎడమ కాలి గోళ్లు తీసుకోవడానికి వంగలేకపోతున్నాను. ఎక్స్‌రే తీసి, తుంటి కీలులో గుజ్జు అరిగిపోయిందన్నారు. అప్పటి నుంచి నడక మానేశాను. నొప్పి ఎక్కువైన రోజు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్ర తెప్పించుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. వ్యాయామం చేస్తే ఉన్న గుజ్జు కూడా పోదా? ఆపరేషన్ తప్పదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ‘అరిగిపోయింది’ అనే మాట వినగానే చెప్పుల అడుగో, బండి టైరో గుర్తుకొచ్చి, వాడకం తగ్గిస్తే మరికొన్నాళ్లు వస్తుందని అనుకోవడం సహజమే. మీ చేత నడక మాన్పించింది కూడా ఆ మాటేనని నా అనుమానం. మీరు గుజ్జు అంటున్న మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. కీలు కదిలి, దానిపై బరువు పడుతూ లేస్తూ ఉన్నప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదలకుండా కూర్చుంటే గుజ్జు మిగలదు సరికదా, కీలును పట్టి నిలిపే పిరుదు, తొడ కండరాలు సన్నబడి, నాలుగడుగులు వేసినా నొప్పి పుట్టే స్థితి వస్తుంది.

గజ్జలో నొప్పి, అరగంట లోపే సడలే పొద్దుటి బిగుతు, గోళ్లు తీసుకోలేకపోవడం – మీరు రాసినవన్నీ తుంటి ఆస్టియో ఆర్థరైటిస్‌కు, అంటే కీలు అరుగుదల జబ్బుకు, సరిపోయే లక్షణాలే. తుంటికి బయటివైపు, పక్కకు తిరిగి పడుకుంటే నొక్కుకునే చోట నొప్పి ఉంటే అది చాలావరకు కండర బంధనాలది. పిరుదులో మొదలై కిందికి దిగే నొప్పి తరచు నడుము నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ, మనిషి పడే బాధకూ లెక్క కుదరాలని లేదు కనుక ఆ ఫిలిం చూసి బెంగపడకండి.

తుంటి విషయంలో వ్యాయామం ఎంత పనిచేస్తుందో 10 అధ్యయనాలను కలిపి 2014లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ సమీక్ష పరిశీలించింది. నొప్పిని వంద మార్కులతో కొలిస్తే సగటున 8 మార్కులు తగ్గింది. ఇది అద్భుతమేమీ కాదు. కానీ కడుపును, కిడ్నీని ముట్టుకోకుండా వచ్చే లాభం. తుంటి, మోకాలి అరుగుదల ఉన్నవారి కోసం డెన్మార్క్‌లో 2013 నుంచి నడుస్తున్న కార్యక్రమంలో వారానికి రెండుసార్ల చొప్పున ఆరు వారాలు ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం చేయిస్తారు. మీరూ మొదటి కొన్ని వారాలు ఎవరైనా ఫిజియోథెరపిస్టు కళ్ల ముందు చేయడం మేలు.

ఇంట్లో మొదలుపెట్టడానికి చేతులు లేని గట్టి కుర్చీ చాలు. గోడకు ఆనించి, అంచున కూర్చుని, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, చేతులు గుండెల మీద కట్టుకుని లేవండి. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఈ దిగే దగ్గరే. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. పదిసార్లు చేసి, కాస్త ఆగి, మరో పది. తరువాత వంటగది గట్టు పట్టుకుని నిలబడి, నడుము పక్కకు వంచకుండా కాలును పక్కకు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపడం. ఇవన్నీ రోజు విడిచి రోజు చేసినా చాలు. నడక మాత్రం రోజూ ఉండాలి, పది నిమిషాలతో మొదలైనా సరే. చేస్తున్నప్పుడు నొప్పి పదికి ఐదు దాటకుండా, మర్నాటికి మామూలు స్థాయికి వస్తే కీలుకు హాని జరగడం లేదనే అర్థం. దాటితే మోతాదు తగ్గించండి, మానవద్దు.

ఇక మాత్ర సంగతి. టెల్మిసార్టాన్ వాడేవారు డైక్లోఫెనాక్‌ను అడిగి తెచ్చుకుని వేసుకోవడం నాకు ఏమాత్రం నచ్చని పని. అది బీపీని పెంచుతుంది, కడుపులో పుండు పడేలా చేస్తుంది. ఈ రెండు మందులూ కలిస్తే, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీళ్ల మాత్ర కూడా తోడైతే, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. మీ బీపీ చూసే డాక్టరుకు చెప్పి, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, ఆయన సరేనంటేనే తక్కువ మోతాదులో తక్కువ రోజులు వాడాలి. పైపూత జెల్ మోకాలికి పనికొచ్చినట్టు తుంటికి పనికిరాదు, కీలు అంత లోతున ఉంటుంది. గ్లూకోసమైన్ గుళికలనూ, గుజ్జు ఇంజెక్షన్లనూ బ్రిటన్‌లో ఏ చికిత్స వాడాలో సూచించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు వద్దన్నాయి. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

బయటికి వెళ్లేటప్పుడు చేతికర్ర పట్టుకుంటే కుడి చేతిలో పట్టుకోండి. నొప్పి ఉన్న వైపే పట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం బాధగా ఉన్నంతకాలం పీట బదులు కుర్చీ, వెస్టర్న్ కమోడ్ వాడుకోండి. అధిక బరువుంటే మొత్తం శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా తేడా తెలుస్తుంది.

ఆపరేషన్ ఇప్పుడే అవసరమని మీ ఉత్తరాన్ని బట్టి నాకనిపించడం లేదు. అయితే వ్యాయామం దానికి ఎప్పటికీ ప్రత్యామ్నాయమని కూడా అననులెండి. బాగా ముదిరిన తుంటి జబ్బున్న 109 మందితో డెన్మార్క్‌లో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలలకు నొప్పినీ, రోజువారీ పనులు చేసుకోగలగడాన్నీ కొలిచే 48 మార్కుల కొలమానంపై కీలు మార్పిడి వర్గం సుమారు 16 మార్కులు మెరుగుపడితే, బరువులతో వ్యాయామం చేసిన వర్గం నాలుగున్నర దగ్గరే ఆగింది. మూడు, నాలుగు నెలలు శ్రద్ధగా చేశాక కూడా రాత్రి నిద్ర చెడుతుంటే, వీధి చివరి దాకా నడవలేకపోతుంటే ఆర్థోపెడిక్ సర్జన్‌తో మాట్లాడండి. అమర్చిన కీళ్లలో సుమారు 58 శాతం పాతికేళ్లు నిలుస్తాయని 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన లెక్క.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. చర్మవ్యాధికి చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడాను. నెల నుంచి కుడి గజ్జలో నొప్పి, కుంటుతున్నాను. ఎక్స్‌రే మామూలుగానే ఉందన్నారు. వ్యాయామాలు మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇప్పుడే వద్దు. స్టెరాయిడ్లు వాడినవారిలో తుంటి బంతికి, అంటే తొడ ఎముక పై కొసకు, రక్తప్రసరణ తగ్గి ఎముక చచ్చుబడే జబ్బు రావచ్చు, తొలిదశలో అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టరును కలిసి, స్టెరాయిడ్ల సంగతి ముందుగా చెప్పి, ఎంఆర్ఐ గురించి అడగండి. అది తేలేదాకా కుడి కాలిపై బరువు తగ్గించి, ఎడమ చేతిలో కర్ర పట్టుకుని నడవండి.