మారేడుమిల్లికి ఒక్కడివే వెళ్తున్న చిన్నాకి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు టెంటు కట్టుకుని బండి మీద ఒక్కడివే మారేడుమిల్లి వెళ్తున్నావట, ఎలాగైనా ఆపమంది. నేను ఆపను. నీ వయసులో నేనూ ఎవరి మాటా వినలేదు. కాకపోతే నేను పడ్డ అవస్థే నువ్వూ పడక్కర్లేదు కదా.

ఆటోనగర్‌లో సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కొత్త క్లచ్ కేబుల్ ఒకటి కొను. దాన్ని పాతదాని పక్కనే, అది వెళ్లే దారిలోనే పెట్టి టేపు చుట్టాలి. చింతూరు వైపు ఘాట్‌లో, సరిగ్గా మలుపులో, నా కేబుల్ పుటుక్కుమంది. కొత్తది లేక కాదు, బ్యాగు అడుగున ఉంది. దాని మీద టెంటు, టెంటు మీద వంటసామాను. అన్నీ రోడ్డు పక్కన పరిచి, టార్చి నోట కరుచుకుని, ట్యాంకు కింద నుంచి కేబుల్ దూర్చేసరికి బాగా చీకటి పడింది. ముందే కట్టి ఉంటే రెండు కొసలు తగిలిస్తే సరిపోయేది.

రాజమండ్రి దాకా హైవేనే, చెప్పేదేం లేదు. గోకవరం మీదుగా వెళ్లి రంపచోడవరంలో ట్యాంకు నింపించు. అమ్మకి ఫోన్ కూడా అక్కడి నుంచే చేసెయ్, తర్వాత సిగ్నల్‌ని నమ్ముకోలేం. ఘాట్ ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేశావంటే భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కితే పట్టవు. ఇరుకు దారిలో ఎదురొచ్చి ఎక్కే బండికి దిగేవాడే దారివ్వాలి.

సాయంత్రం నాలుగింటికల్లా ఆగిపో. ఇంకో ఇరవై కిలోమీటర్లు లాగేద్దామని మనసు పీకుతుంది, విన్నావో నాలా టార్చి కరుచుకోవాల్సిందే. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా టెంటు వేయకూడదు. మారేడుమిల్లిలో అటవీ శాఖ వాళ్ల విడిది ఉంది. అక్కడ కుదరకపోతే ఊళ్లో పెద్దవాళ్లనడిగి ఏ ఇంటి పక్కనో వేసుకో. నన్నెవరూ కాదనలేదు, ఒకావిడ అన్నం కూడా పెట్టింది. వాగు ఒడ్డున ఇసుక మెత్తగా ఉందని మోజు పడకు. పైన కొండల్లో వాన పడితే, నీ నెత్తిన చినుకు పడకపోయినా వాగు పొంగుతుంది. సైడ్ స్టాండు కింద పలకరాయి పెట్టు, లేదంటే తెల్లారేసరికి బండి మట్టిలో ఒరిగి ఉంటుంది.

రెండు దుప్పట్లుంటే ఒకటి కింద పరుచుకో, చలి నేలలోంచే ఎక్కువ లాగుతుంది. టెంటులో కుంపటి మాత్రం వద్దే వద్దు. పొగ కనిపించకపోయినా ఆ గాలి ప్రాణం తీస్తుంది. దోమల మందు రాసుకో. తిరిగొచ్చాక జ్వరమొస్తే, ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించు.

బొంగు చికెన్ తినకుండా రాకు.

కేబుల్ కొన్నాక ఆదివారం బండి తీసుకుని ఇంటికి రా, నేనే కడతాను. మీ అమ్మతో మాత్రం మావయ్య బాగా తిట్టాడని చెప్పు.

మావయ్య
విజయవాడ