కారు ప్రమాదం తర్వాత తల తిరుగుతుంటే నష్టపరిహారం అడగొచ్చా?

అడగొచ్చు, కాకపోతే తప్పు అవతలి డ్రైవర్‌దని, తల తిరగడం ఆ ప్రమాదం వల్లేనని చూపించగలగాలి. గట్టి కుదుపుకి లోపలి చెవిలోని సన్నటి కాల్షియం రేణువులు చోటు తప్పవచ్చు. అప్పుడు పక్క మీద ఒత్తిగిలినా గది గిర్రున తిరుగుతుంది. ఒక్కోసారి ఇది కొన్ని రోజులు ఆగి మొదలవుతుంది, చిక్కంతా అక్కడే.

మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగిన కారును వెనక నుంచి లారీ గుద్దింది, మూడో రోజు తల తిరగడం మొదలైంది అనుకుందాం. వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుని, ప్రమాదం సంగతి ఓపీ చీటీలో రాయించుకోవాలి. ఆ చీటీ, ఎఫ్‌ఐఆర్, బిల్లులతో విశాఖలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. చట్టంలో రాసిన గడువు 6 నెలలు.

సీటీ స్కాన్ నార్మల్ వస్తే కేసు లేనట్టేనని చాలామంది వదిలేస్తారు. ఈ రేణువులు స్కాన్‌లో కనిపించవు. తల పక్కకు తిప్పి పడుకోబెట్టి, కళ్ల కదలిక చూసి డాక్టరు పట్టుకుంటారు.