అవార్డులు కాదు, ఓఓఎస్ వస్తే ఏం చేస్తారో అడగమనండి

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఫైనలియర్. ఫార్మాలో రెండు ఆఫర్లు వచ్చాయి, రెండూ క్యూసీలోనే (మందుల నాణ్యత పరీక్షించే క్వాలిటీ కంట్రోల్ విభాగం). ఒకటి పేరున్న కంపెనీ, రిసెప్షన్ నిండా అవార్డులే. రెండోది మధ్యరకం, జీతం కాస్త ఎక్కువ. ఎప్పటికీ బాగుండే కంపెనీ ఏదో కనిపెట్టేదెలా?

జవాబు: నమస్తే అండి. ముందు ఆ అవార్డుల సంగతి తేల్చేద్దాం. కార్పొరేట్ గవర్నెన్స్ బ్రహ్మాండం అని 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు తీసుకున్నది మన సత్యం కంప్యూటర్సే, కొన్ని నెలలు తిరిగాయో లేదో 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు గారే లెక్కలన్నీ పెంచి చూపించామని ఉత్తరం రాసేశారు, ఏడు వేల కోట్ల పైమాటే. సత్యంలో అబ్బాయి అంటే అప్పట్లో పెళ్లి సంబంధాల్లో ఉన్న గిరాకీ మీకు గుర్తుండే ఉంటుంది.

మరి ఏళ్ల తరబడి బాగా నడిచేవాళ్లు ఏం చేస్తున్నట్టు? మీ అమ్మాయి లైనే కాబట్టి దివీస్ ల్యాబొరేటరీస్‌ని చూద్దాం, అక్కడే చేరమని కాదులెండి. 1990లో మురళి దివి గారు హైదరాబాద్‌లో మొదలుపెట్టారు, మొదటి ప్లాంటు చౌటుప్పల్ దగ్గర, తర్వాత భీమిలి దగ్గర చిప్పాడలో ఇంకోటి. టాబ్లెట్లు చేసి సొంత బ్రాండుతో అమ్ముకునే జోలికి వాళ్లు పోలేదు, ఏపీఐలు, అంటే టాబ్లెట్లో పనిచేసే అసలు మందు పదార్థాలు చెయ్యడం, పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు అడిగిన మాలిక్యూల్స్ చేసిపెట్టడం, ముఖ్యంగా ఇవే. ఒక విదేశీ కంపెనీ తన కొత్త మందు ప్రాసెస్ అంతా తెచ్చి ఇంకొకరి చేతిలో పెట్టాలంటే రేపు వీళ్లే నాకు పోటీకొస్తారేమో అన్న భయం ఉండకూడదు కదా, దివీస్ వ్యాపారం సగం ఆ ధీమా మీదే నిలబడిందని నా అభిప్రాయం. ఇక మిగతాదాంట్లో ఎక్కువ న్యాప్రోక్సెన్ (నొప్పి మందు) లాంటి పాత మందులు, పేటెంటు ఎప్పుడో పోయింది, అందరూ చేస్తారు, అలాంటి దాంట్లో డబ్బు మిగలాలంటే యీల్డ్ (అదే ముడిసరుకులో వచ్చే మందు) కాస్త కాస్త పెంచుకోవాలి, సాల్వెంట్ (కరిగించడానికి వాడే ద్రవం) వృథా పోకుండా రికవర్ చేసుకోవాలి. ఏళ్ల తరబడి విసుక్కోకుండా చెయ్యాల్సిన పని, పేపర్లో రాదు.

అలాగని వాళ్లకి దెబ్బలు తగల్లేదా అంటే తగిలాయి. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు విశాఖ యూనిట్ (ఆ చిప్పాడదే) సరుకు తమ దేశంలోకి రాకుండా ఆపే ఇంపోర్ట్ అలర్ట్ పెట్టారు, వార్నింగ్ లెటర్ కూడా వచ్చింది, షేరు ఢమాల్న పడింది. ఆ ఏడాది లోపే సరిచేసుకుని బయటపడ్డారు. మిగతా వాళ్లకి ఇలాంటివి ఏళ్ల తరబడి సాగడం కూడా ఉంది. నేనైతే కంపెనీని ఇక్కడే చూస్తాను, చెడ్డ వార్త వచ్చినప్పుడు ఏం చేస్తుందని.

మీ అమ్మాయికి అది క్యూసీ ల్యాబ్‌లో రోజూ కనిపిస్తుంది. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష మెషీన్‌లో శాంపిల్ పెడితే రిజల్టు లిమిట్ దాటింది, దాన్నే ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) అంటారు. అప్పుడు మంచి చోట అయితే రిపోర్ట్ చేసి కారణం వెతుకుతారు, పనికిమాలిన చోట అయితే మళ్లీ ఇంజెక్ట్ చేసి పాస్ అయిన రిజల్టే ఉంచమంటారు, సంతకం మాత్రం కొత్తగా చేరిన పిల్లది. కాబట్టి హెచ్‌ఆర్‌ని కాదు, అక్కడ రెండు మూడేళ్లుగా చేస్తున్న కాలేజీ సీనియర్లని పట్టుకుని అడగమనండి, పోయినసారి ఓఓఎస్ వచ్చినప్పుడు ఏమైంది, చెప్పిన మనిషిని తిట్టారా లేదా అని. సీనియర్ నీళ్లు నమిలితే అదీ ఒక జవాబే.

ఇంట్లో కూర్చుని మీరు చూడగలిగేవి కూడా ఉన్నాయి. ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్లు వాళ్ల వెబ్‌సైట్లోనే ఉంటాయి, కంపెనీ పేరు కొట్టి చూడండి. ఆ మధ్యరకం కంపెనీ స్టాక్ మార్కెట్లో లేకపోయినా బ్యాంకు అప్పులుంటే క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి రేటింగ్ సంస్థల నోట్ దొరకొచ్చు, అప్పులెంత, ఒకే కస్టమర్ మీద ఆధారపడ్డారా అన్నది అందులో రాస్తారు, ఫ్రీనే.

జీతం తేడా గురించి ఇప్పుడే తల బద్దలు కొట్టుకోకండి, మొదటి రెండేళ్లు ఏ చేతి కింద పని నేర్చుకుందన్నదే తర్వాతి ఉద్యోగంలో అడుగుతారు. రెండో కంపెనీ సీనియర్లు ఓఓఎస్ సంగతి ధైర్యంగా చెప్తే అక్కడికే పంపండి, పేరు లేకపోయినా పర్లేదు. ఏ కంపెనీ అయినా బాండ్ కోసం ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి.